మెడ కండలో ముడి, తెగని తగువు

1957 ఆగస్టు 19న అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో ఒక ఇనుప గని గోతిలోంచి పెద్ద బెలూను పైకి లేచింది. దాని కింద వేలాడుతున్న ఇరుకైన అల్యూమినియం గూటిలో వైమానిక దళ డాక్టరు డేవిడ్ సైమన్స్ కూర్చుని ఉన్నారు. 1,01,516 అడుగుల ఎత్తుకు, అంటే దాదాపు 31 కిలోమీటర్ల పైకి వెళ్లి, మొత్తం 32 గంటలు ఆ గూట్లోనే గడిపి మర్నాడు దిగారు. మనిషి ఇంకా అంతరిక్షంలో అడుగు పెట్టని రోజులవి. పత్రికలు ఆయన్ని ఆకాశానికెత్తాయి. అలాంటి సాహసి తర్వాతి జీవితంలో చాలా భాగం రోగుల మెడల మీద, భుజాల మీద వేళ్లు పెట్టి నొక్కుతూ, కండలో గట్టిపడిన ముడుల కోసం వెతుకుతూ గడిపారు.

ఆ దారిలోకి ఆయన్ని తిప్పింది జానెట్ ట్రావెల్. జాన్ కెనడీ నడుము నొప్పికి వైద్యం చేసి, 1961లో వైట్‌హౌస్‌లో అధ్యక్షుడి వ్యక్తిగత డాక్టరైన తొలి మహిళ ఆమె. కెనడీ ఊగుడు కుర్చీ అంత ప్రసిద్ధి కావడం వెనక కూడా ఆమె సలహా ఉంది. ట్రావెల్ చెప్పిన మాట సూటిగా ఉంటుంది. ఎక్స్‌రేలో, రక్తపరీక్షలో ఏమీ కనపడని మొండి నొప్పుల్లో చాలా వాటికి మూలం కండరమే. కండలో ఒక పోగు తాడులా బిగుసుకుంటుంది. ఆ పోగులో ఒకచోట ముడిలాంటి గట్టి బిందువు ఉంటుంది. దాన్ని నొక్కితే నొప్పి అక్కడే ఆగదు, దూరంగా ఇంకెక్కడో పలుకుతుంది. దీన్నే ట్రిగర్ పాయింట్ అన్నారు. 1983లో ట్రావెల్, సైమన్స్ కలిసి వెలువరించిన ట్రిగర్ పాయింట్ మాన్యువల్‌లో ఏ కండలో ముడి పడితే నొప్పి ఎక్కడ పలుకుతుందో ఎర్రచుక్కలతో బొమ్మలు గీయించారు. ఇవాళ హైదరాబాదులో, విజయవాడలో ఫిజియోథెరపీ క్లినిక్ గోడ మీద కనిపించే పటాలు ఆ బొమ్మల పిల్లలే.

ఈ సిద్ధాంతానికి అసలు పరీక్ష విప్‌లాష్ అనే మెడ కుదుపు గాయం దగ్గర ఎదురైంది. సిగ్నల్ దగ్గర ఆగి ఉన్న కారును వెనక నుంచి ఇంకో కారు గుద్దుతుంది. బంపరు సొట్టపోతుంది. మనిషికి గీత కూడా పడదు. దిగి, అవతలివాడితో నాలుగు మాటలు అనుకుని ఇంటికి పోతాడు. మర్నాడు పొద్దున లేస్తే మెడ తిరగదు. ఎక్స్‌రే తీస్తే ఎముకలు శుభ్రంగా ఉంటాయి. కొందరికి కొన్ని వారాల్లో తగ్గిపోతుంది. కానీ ఒక ఏడాది తర్వాత అడిగినా మెడ ఇంకా నొప్పిగానే ఉందనేవాళ్లు దాదాపు సగం మంది ఉంటారని 2008లో అంతర్జాతీయ నిపుణుల బృందం ఒకటి పాత అధ్యయనాలన్నీ చదివి తేల్చింది. సగం మంది అంటే చిన్న సంఖ్య కాదు. మరి ఆ నొప్పి ఎక్కడుంది? కండలోనా, కీలులోనా, నరాల వ్యవస్థలోనా, మనసులోనా, ఇన్సూరెన్స్ ఫైలులోనా? ఈ అయిదు జవాబులకూ గట్టి వకీళ్లున్నారు.

ముందు దెబ్బ తగిలే తీరు చూడాలి. 1955లో లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో సెవరీ బృందం నిజం కార్లను నిజంగానే గుద్దించి, లోపల మనుషుల్ని కూర్చోబెట్టి చూసింది. గుద్దుకున్న కారు కంటే లోపలి మనిషి తల ఎక్కువ త్వరణంతో ఊగుతోందని తేలింది. తల వెనక్కి విరిగినట్టు వంగడమే అసలు కీడు అని అప్పట్లో నమ్మారు. ఆ నమ్మకం మీదే అమెరికాలో 1969 జనవరి నుంచి ముందు సీట్లకు హెడ్‌రెస్ట్ తప్పనిసరి అయింది. ఫలితం మాత్రం అనుకున్నంత రాలేదు. సీటుతో కలిసిపోయిన హెడ్‌రెస్ట్ వల్ల గాయాలు 17 శాతం, పైకీ కిందికీ జరిపే రకం వల్ల 10 శాతం తగ్గాయని 1982లో అక్కడి రహదారి భద్రతా సంస్థ లెక్క తేల్చింది. కారణం వెతకడానికి ఎక్కడికో పోనక్కర్లేదు. జరిపే హెడ్‌రెస్ట్‌ను కొన్ననాటి నుంచి ఎవరూ జరపరు. మన రోడ్ల మీద పోయే కార్లలోకి తొంగిచూస్తే చాలావాటిలో అది మెడ మధ్యన ఉంటుంది, తల వెనక ఉండదు.

1997లో యేల్ విశ్వవిద్యాలయంలో భారత సంతతి శాస్త్రవేత్త మనోహర్ పంజాబీ బృందం దానం చేసిన మృతదేహాల మెడ వెన్నుతో ప్రయోగాలు చేసినప్పుడు చిత్రం మారింది. గుద్దిన మొదటి 100 మిల్లీసెకన్ల లోపే మెడ ఇంగ్లీషు ఎస్ అక్షరంలా వంకర తిరుగుతోంది. కింది పూసలు వెనక్కి విరుగుతుంటే పైవి ముందుకు వంగుతున్నాయి. తల ఇంకా వెనక్కి వాలకముందే ఇదంతా అయిపోతోంది. కండరానికి కబురు అంది, అది బలం పుంజుకుని అడ్డుకునేలోపు జరగాల్సింది జరిగిపోతుందన్నమాట. ఆ తర్వాత కండ బిగుసుకుంటుంది. అదీ ఒక చిక్కే. తక్కువ వేగంతో జరిపిన గుద్దుడు ప్రయోగాల్లో మెడ ముందువైపు కండరాలు, ముఖ్యంగా చెవి వెనక నుంచి రొమ్ము ఎముక దాకా దిగే పెద్ద కండ, బిగుసుకుంటూనే బలవంతాన సాగుతున్నట్టు కనిపించింది. బిగిసిన కండను లాగితే పోగులు దెబ్బతింటాయని వ్యాయామం చేసేవాళ్లందరికీ అనుభవమే. కొత్తగా కొండెక్కి దిగినవాడి తొడలు రెండో రోజు పట్టేసేది దిగేటప్పుడు పడిన శ్రమ వల్లే. మెడనొప్పి వెంటనే రాకుండా మర్నాడు రావడానికి ఇది కొంతవరకు సమాధానం.

ఆడవాళ్లకు ఈ గాయం ముప్పు మగవాళ్ల కంటే ఎక్కువని దశాబ్దాలుగా లెక్కలు చెబుతున్నా, వెనక గుద్దుడు పరీక్షల్లో కూర్చోబెట్టిన బొమ్మలన్నీ సగటు మగవాడి కొలతలతో చేసినవే. స్వీడన్ ఇంజినీరు ఆస్ట్రిడ్ లిండర్ నాయకత్వంలో సగటు స్త్రీ కొలతలతో వెనక గుద్దుడు పరీక్షకు తగిన బొమ్మ తయారైంది. దాన్ని 2022లో లోకానికి చూపించారు. కారు పుట్టిన వందేళ్లకు పైగా గడిచాక.

సరే, కండరం సంగతి. విప్‌లాష్ రోగుల మెడల్లో ముడులు దొరుకుతాయా అంటే దొరుకుతాయి, పుష్కలంగా. 2008లో స్విట్జర్లాండ్ డాక్టర్ల బృందం ఒకటి విప్‌లాష్ రోగుల్ని, ప్రమాదమేమీ లేకుండానే మెడనొప్పి వచ్చినవాళ్లని, ఒంటినిండా నొప్పుల జబ్బు ఫైబ్రోమయాల్జియా ఉన్నవాళ్లని, డిప్రెషన్ ఉన్నవాళ్లని, ఆరోగ్యవంతుల్ని పక్కపక్కన పెట్టి తడిమి చూసింది. తల వెనక భాగాన్ని నిలబెట్టే లోపలి కండర జంటలో నూటికి 85 మంది విప్‌లాష్ రోగులకు ముడులు తగిలాయి. తక్కిన గుంపుల్లో అంత మందికి లేవు. స్పెయిన్‌లో గాయమైన కొత్తలోనే పరీక్షించిన ఇంకో బృందానికి మెడ నుంచి భుజం మీదుగా పరుచుకున్న ట్రపీజియస్‌లో, రెక్క ఎముకను పైకి లాగే కండలో ముడులు ఎక్కువగా కనిపించాయి. నొప్పి లేనివాళ్లలో కూడా ముడులు లేకపోలేదు. కానీ అవి నొక్కితే తప్ప నొప్పి పుట్టించని నిద్రాణ ముడులు.

ఈ ముడుల అసలు అల్లరి నొప్పిని ఊరేగించడంలో ఉంది. ట్రపీజియస్ పై అంచులో ముడి పడితే నొప్పి మెడ పక్కగా ఎక్కి కణత దగ్గర గూడు కట్టుకుంటుంది. చెవి వెనక నుంచి దిగే పెద్ద కండలో పడితే నుదుటి మీద, కంటి చుట్టూ, చెవి లోపల పలుకుతుంది. కొందరికి తల తిరిగినట్టు కూడా అవుతుంది. పుర్రె అడుగున ఉండే చిట్టి కండరాలు బిగిస్తే తల వెనక నుంచి కంటిదాకా బరువుగా, లోతుగా నొప్పి. రెక్క ఎముక కండ పట్టేస్తే మెడ ఒక పక్కకు తిరగనే తిరగదు. అందుకే వెనక నుంచి ఆటో గుద్దిన మనిషి నెల తర్వాత కళ్ల డాక్టరు దగ్గర కనిపిస్తాడు. అక్కడ అద్దాల నంబరు మారలేదంటారు. చెవి డాక్టరు దగ్గరికి పోతే చెవి బాగుందంటారు. ఇంట్లోవాళ్లు "నరం మీద నరం ఎక్కింది" అంటారు. వీధి చివరి ల్యాబులో ఎక్స్‌రే తీయిస్తే "స్పాండిలైటిస్" అని ఒక ముక్క రాసి ఇస్తారు. నలభై దాటిన మెడల్లో అరుగుదల మామూలే కాబట్టి ఆ ముక్క అబద్ధమూ కాదు, ఆ నొప్పికి కారణమని నిజమూ కాదు. ఇన్ని గుమ్మాలు తిరిగిన మనిషికి ఎవరో ఒకరు భుజం మీద సరైన చోట నొక్కి "కణతలో లాగుతోందా?" అని అడిగితే, అవును, అదే నొప్పి అని కళ్లు పెద్దవి చేస్తాడు. ట్రావెల్, సైమన్స్ పుస్తకం అన్ని దేశాల క్లినిక్‌లలో అంతగా పాతుకుపోవడానికి ఈ క్షణమే కారణం. రోగి మాటను నమ్మిన పుస్తకం అది.

నొప్పి దూరంగా పలకడం అన్నది కట్టుకథ కాదు. 1938లోనే లండన్‌లో జోనస్ కెల్‌గ్రెన్ మనుషుల కండరాల్లోకి ఉప్పునీటి సూది ఎక్కించి, నొప్పి ఎక్కడెక్కడికి పాకుతుందో గీసి చూపించారు. వివాదం ముడి దగ్గరే మొదలవుతుంది.

1992లో అమెరికాలో ఒక పరీక్ష జరిగింది. కండర నొప్పుల్లో పేరు మోసిన నిపుణుల్ని పిలిచి, ఎవరు రోగో ఎవరు ఆరోగ్యవంతులో చెప్పకుండా వాళ్ల ముందు మనుషుల్ని పడుకోబెట్టారు. బిగిసిన పోగులు, నొక్కితే తుళ్లే కండలు నిపుణుల వేళ్లకు బాగానే తగిలాయి. కానీ రోగుల్లో ఎన్ని తగిలాయో నిక్షేపంగా ఉన్నవాళ్లలోనూ అంతే తగిలాయి. అయిదేళ్ల తర్వాత రాబర్ట్ గెర్విన్ బృందం ఈ మచ్చ చెరపడానికి పూనుకుంది. నలుగురు నిపుణులు ఒకే రోగిని చూసి ఒకే మాట చెప్పాలి. మొదటి ప్రయత్నంలో చెప్పలేకపోయారు. మూడు గంటలు కూర్చుని ఎలా నొక్కాలో, దేన్ని ముడి అనాలో తమలో తాము ఒప్పందానికి వచ్చాక మాత్రం మాటలు కలిశాయి. దీన్ని ట్రిగర్ పాయింట్ పక్షం గెలుపుగా చెప్పుకుంది. నిపుణులకే ముందుగా శిక్షణ కావాల్సి వస్తే, ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సు చేసి సూదులు పట్టేవాళ్ల వేళ్లను ఎంతవరకు నమ్మాలన్న ప్రశ్న మాత్రం అలాగే మిగిలింది.

ముడిలో ఏం జరుగుతోందన్న దానికి సైమన్స్ ఒక వివరణ కట్టారు. నరం కండను కలిసే చోట అసిటైల్‌కోలిన్ అనే కబురు రసాయనం అవసరానికి మించి కారుతుంది, కొన్ని పోగులు వదలకుండా బిగుసుకుంటాయి, ఆ బిగువు రక్తనాళాల్ని నొక్కేసి ఆక్సిజన్ అందకుండా చేస్తుంది, ఆక్సిజన్ లేక పోగు వదులు కాలేదు, నొప్పి పుట్టించే రసాయనాలు పోగవుతాయి. చెప్పడానికి చక్కగా ఉంది. దీనికి కొంత ఆధారం అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో జే షా 2005 నుంచి చేసిన ప్రయోగాల్లో దొరికింది. సన్నటి సూదితో ట్రపీజియస్ ముడిలోని ద్రవాన్ని కొంచెం కొంచెంగా పీల్చి చూస్తే, నొప్పి ముడుల్లో ఆమ్లత్వం, మంట, నొప్పి రసాయనాలు నిజంగానే ఎక్కువున్నాయి. అయితే ఆ ప్రయోగాల్లోనే ఇంకో విశేషం బయటపడింది. మెడలో నొప్పి ముడులున్న మనుషుల పిక్క కండలోనూ ఈ రసాయనాలు కొంత ఎక్కువే ఉన్నాయి. పిక్కకు ఏ దెబ్బా తగల్లేదు. అంటే గొడవ ముడిలో పుట్టి పైకి పోతోందా, పైనుంచి ముడిలోకి దిగుతోందా?

ఆస్ట్రేలియా డాక్టర్లు జాన్ క్వింట్నర్, మిల్టన్ కోహెన్ 1994 నుంచీ రెండోదే అంటున్నారు. 2015లో ఇంకొకరితో కలిసి రాసిన వ్యాసంలో ట్రిగర్ పాయింట్ సిద్ధాంతం చెల్లని నాణెమని తేల్చేశారు. నొప్పి ఉంది, నొక్కితే నొచ్చే చోటు ఉంది, కానీ అది లోపలి నరం ఒరిపిడి వల్లో, వెన్నుపాము అతిగా స్పందించడం వల్లో పైకి తేలిన గుర్తు మాత్రమే అన్నది వాళ్ల వాదం. అదే ఏడాది గెర్విన్, డొమ్మర్‌హోల్ట్ ఘాటుగా జవాబు రాశారు. రెండు పక్షాల రాతలూ చదివితే ఒకటి తోస్తుంది. ముడి పటంగా పనికొస్తోంది. నొప్పి ఎక్కడ పలుకుతుందో చెప్పడంలో ఆ పటం చాలావరకు తప్పిపోలేదు. కారణంగా మాత్రం ఇంకా రుజువు కాలేదు. పటాన్ని కారణం అనుకుని ప్రతి ముడికీ ఒక సూది గుచ్చే దుకాణాలు పెరగడమే ఇబ్బంది.

కండరం పక్షానికి గట్టి పోటీ కీలు పక్షం నుంచి వచ్చింది. ఆస్ట్రేలియాలోని న్యూకాజిల్‌లో నికొలాయ్ బొగ్డక్ బృందం మెడ పూసల వెనకుండే చిన్న కీళ్ల మీద దృష్టి పెట్టింది. ఒక్కో కీలు నుంచి కబురు మోసే సన్నటి నరానికి మత్తు ఇచ్చి, రోగికి తెలియకుండా మందు మార్చి మళ్లీ ఇచ్చి చూశారు. దీర్ఘకాలం విప్‌లాష్ నొప్పి అనుభవిస్తున్నవాళ్లలో సగానికి పైగా, 54 శాతం మందికి, నొప్పి ఆ కీళ్ల నుంచే వస్తోందన్నారు. 1996లో 24 మంది మీద చేసిన పరీక్ష ఇంకా గట్టిది. సగం మందికి ఆ నరాన్ని రేడియో తరంగాలతో 80 డిగ్రీలకు వేడి చేసి కాల్చారు. మిగతా సగానికి సూది పెట్టి వేడి చేయకుండా వదిలేశారు. ఎవరికి ఏది జరిగిందో రోగికీ తెలియదు, అంచనా వేసేవాళ్లకీ తెలియదు. నొప్పి మళ్లీ సగానికి ఎగబాకడానికి మొదటి గుంపుకు మధ్యస్థంగా 263 రోజులు పట్టింది, రెండో గుంపుకు 8 రోజులు.

ఇక్కడ తమాషా ఏమిటంటే, బొగ్డక్ బృందం గీసిన కీళ్ల నొప్పి పటాన్ని ట్రావెల్ గీయించిన కండరాల నొప్పి పటం మీద పెడితే రెండూ చాలాచోట్ల అతుక్కుంటాయి. భుజం పై అంచున నొప్పికి కింది మెడ కీలు కారణమని ఒకరు, ట్రపీజియస్ ముడి కారణమని ఇంకొకరు. ఒకే పొలానికి రెండు పట్టాలు పుట్టినట్టుంది వ్యవహారం. కీలు గాయపడితే దాన్ని కదలనివ్వకుండా చుట్టూ ఉన్న కండ కాపలా కాస్తూ బిగుసుకుంటుంది కాబట్టి రెండూ ఒకేసారి నిజం కావచ్చు కూడా. బ్రిస్‌బేన్‌లో గ్వెన్ జల్ బృందం చూపించిన ఇంకో విషయం ఈ ఊహకు ఊతం. విప్‌లాష్ తర్వాత మెడ లోతులో పూసల్ని పట్టి ఉంచే చిన్న కండరాలు పని మందగిస్తాయి. వాటి పని కూడా పైనున్న పెద్ద కండల మీద పడుతుంది. ముడులు ఎక్కువగా తగిలే కండల్లో అవీ ఉన్నాయి.

2006లో జేమ్స్ ఎలియట్ ఎంఆర్ఐలో చూపించింది మరీ ఆసక్తికరం. దీర్ఘకాలం బాధపడుతున్న విప్‌లాష్ రోగుల మెడ వెనక కండరాల్లో కొవ్వు చొరబడి ఉంది. ప్రమాదం లేకుండా మెడనొప్పి వచ్చినవాళ్లలో అది కనపడలేదు. మామూలు స్కానింగులో "అంతా నార్మల్" అని రాసి పంపే రోగుల సంగతి ఇది.

ఇక నొప్పి అంతా మనసులోనే, జేబులోనే ఉందన్న వాదం. కార్లకు ముందే పుట్టింది ఇది. పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండులో రైళ్లు గుద్దుకున్నప్పుడు పైకి దెబ్బ కనపడని ప్రయాణికులు నెలల తరబడి మెడ, నడుము నొప్పులతో, నిద్రలేమితో బాధపడేవారు. 1865 జూన్ 9న స్టేపుల్‌హర్స్ట్ ప్రమాదం నుంచి దెబ్బ తగలకుండా బయటపడి, గాయపడ్డవాళ్లకు సాయం కూడా చేసిన నవలాకారుడు చార్లెస్ డికెన్స్, ఆ తర్వాత రైలెక్కితే వణికిపోయేవారు. మరుసటేడు జాన్ ఎరిక్ ఎరిక్సన్ అనే సర్జన్ దీన్ని వెన్నుపాము కుదుపు అన్నారు. 1883లో రైల్వే కంపెనీ సర్జన్ హెర్బర్ట్ పేజ్ అదంతా భయం, దాని వెనక పరిహారం ఆశ అన్నారు. జీతం ఇచ్చేది కంపెనీ. ఆ తగువే నూరేళ్ల తర్వాత కార్ల రూపంలో తిరిగొచ్చింది.

1996లో లిథువేనియాలో జరిగిన అధ్యయనం ఈ వాదానికి పెద్ద తురుపుముక్క. నార్వేకు చెందిన హరాల్డ్ ష్రాడర్ బృందం, వెనక నుంచి గుద్దించుకున్న 202 మంది డ్రైవర్లను ఒకటి నుంచి మూడేళ్ల తర్వాత కలిసింది. అప్పట్లో ఆ దేశంలో ప్రమాద బీమా పరిహారాల సంస్కృతి లేదు. మెడనొప్పి ఉందన్నవాళ్లు గుద్దించుకున్నవారిలో 35 శాతం, గుద్దించుకోనివారిలో 33 శాతం. తేడా లేనట్టే. కెనడాలోని సస్కాచువాన్ రాష్ట్రం 1995 జనవరిలో "నొప్పి, బాధ"లకు డబ్బు కట్టడం ఆపేసింది. విప్‌లాష్ క్లెయిములు లక్షకు 417 నుంచి 300కు దిగాయి, ఫైలు మూసే మధ్యస్థ కాలం 433 రోజుల నుంచి రెండు వందలకు పడిపోయింది. 2001లో జర్మనీలో 51 మంది వాలంటీర్లను కార్లో కూర్చోబెట్టి, గుద్దిన శబ్దం వినిపించి, మెడకు ఏ హానీ చేయలేనంత చిన్న కదలిక మాత్రం ఇచ్చారు. మూడు రోజుల తర్వాత దాదాపు అయిదుగురిలో ఒకరు తమకు విప్‌లాష్ లాంటి బాధలున్నాయన్నారు.

ఈ అంకెల్ని చూపించి విప్‌లాష్ రోగుల్ని దొంగలుగా చిత్రించడం ఇన్సూరెన్స్ లాయర్లకు తేలిక. ఇంగ్లండ్, వేల్స్‌లో 2021 మే 31న, మూడు నెలల లోపు నొప్పికి అప్పట్లో 240 పౌండ్లు అని ధరల పట్టికే పెట్టేశారు. హైవే పక్కన లాయర్ల హోర్డింగులు, ప్రమాదమైన మర్నాడే కైరోప్రాక్టర్ క్లినిక్ నుంచి వచ్చే ఫోన్లు డల్లాస్‌లో, అట్లాంటాలో ఉండే తెలుగువాళ్లకు కొత్త కాదు కాబట్టి, అనుమానం పూర్తిగా గాలిలోంచి పుట్టిందనలేం. కానీ లిథువేనియా లెక్కలో అసలు గుద్దిన రోజున నొప్పి వచ్చినవాళ్లే కొద్దిమంది. అంత చిన్న గుంపు నుంచి దీర్ఘకాలపు నొప్పి లేదని తేల్చడం కష్టమని విమర్శకులు వెంటనే అన్నారు. క్లెయిము మూయడమూ నొప్పి తగ్గడమూ ఒకటి కాదు. ఇక మన దగ్గర, మోటారు వాహనాల చట్టం కింద ట్రిబ్యునళ్లలో పోరాటమంతా పోయిన ప్రాణం, పోయిన కాలుచేతుల చుట్టూ తిరుగుతుంది. పట్టేసిన మెడకు డబ్బు అడగాలన్న ఊహ కూడా లేనివాళ్లు ఫిజియోథెరపీ వరసలో కూర్చుని ఉంటారు.

మనసు పక్షానికి అన్నిటికంటే మర్యాదగా జవాబు చెప్పింది న్యూకాజిల్ బృందమే. 1997లో వాళ్లు నరం కాల్చే చికిత్సకు ముందు, తర్వాత రోగుల మానసిక స్థితిని కొలిచారు. నొప్పి పూర్తిగా పోయినవాళ్లకు కుంగుబాటు, ఆందోళన కూడా పోయాయి. మనోవ్యాధికి ఏ మందూ ఇవ్వలేదు. చాలామందిలో దిగులు నొప్పికి తల్లి కాదు, బిడ్డ.

చికిత్సల చరిత్ర చిన్నబుచ్చుకునేలా ఉంటుంది. మొదట కాలర్. మెడకు బెల్టు వేసి నెల రోజులు కదలొద్దనడం తరాల పద్ధతి. 1998లో నార్వేలో 201 మంది మీద చేసిన పరీక్షలో సెలవు, కాలర్ ఇచ్చినవాళ్ల కంటే "రోజూ చేసే పనులు చేసుకోండి" అని పంపినవాళ్లే ఆరు నెలలకు మెరుగ్గా ఉన్నారు. 2007లో డెన్మార్క్‌లో 458 మంది మీద మళ్లీ చేస్తే తేడా కనపడలేదు. కనీసం కాలర్ వల్ల లాభం లేదన్నది రెండింటిలోనూ ఒకటే. మన ఊళ్లలో మాత్రం మెడ బెల్టు ఇప్పటికీ గౌరవ చిహ్నంలా తిరుగుతోంది.

తర్వాత పూతలు. 1893లో బొంబాయిలో కాశీనాథుని నాగేశ్వరరావు అమృతాంజనం మొదలుపెట్టిననాటి నుంచి తెలుగు ఇంట్లో పట్టేసిన మెడకు మొదటి వైద్యం అదే. చల్లగా, చురుక్కుమనే ఆ స్పర్శ ముడిని కరిగించదు, నొప్పి కబురును కాసేపు మరుగున పెడుతుంది. అది తక్కువ ప్రయోజనమేం కాదు. ట్రావెల్ కూడా ముడి మీద చల్లటి స్ప్రే కొట్టి, ఆ మరుపులో కండను నెమ్మదిగా సాగదీసేవారు. తేడా ఆ సాగదీయడంలో ఉంది. బామ్ రాసి పడుకుంటే సగం వైద్యమే అయింది. సెలూన్లో తల పట్టుకుని ఫట్‌మని విరిపించుకోవడం మాత్రం దెబ్బ తిన్న మెడకు పూర్తిగా కూడని పని. మెదడుకు పోయే రక్తనాళం చిరిగే ప్రమాదం ఉంది. గుద్దిన కొత్తలో చేతుల్లో తిమ్మిరి, పట్టు తప్పడం, నడక తూలడం, మాట ముద్దవడం, తల ఎటూ 45 డిగ్రీలు తిప్పలేకపోవడం, వీటిలో ఏది ఉన్నా, మనిషి 65 దాటినా, ముందు వెళ్లాల్సింది ఆసుపత్రికి.

సూది దగ్గరికి వస్తే, మందు లేకుండా ఉత్త సూది గుచ్చినా ముడి నొప్పి తగ్గుతుందని 1979లో చెక్ డాక్టరు కారెల్ లెవిట్ రాశారు. డ్రై నీడ్లింగ్ అనే పెద్ద వ్యాపారానికి అది పునాది. గుచ్చిన క్షణంలో కండ తుళ్లిపడి, కాసేపటికి మెడ తేలికవుతుందన్నది చాలామంది అనుభవం. విప్‌లాష్‌కు ఎంతవరకు నిలుస్తుందో 2015లో మిషెల్ స్టెర్లింగ్ బృందం ఆస్ట్రేలియాలో 80 మంది దీర్ఘకాలపు రోగుల మీద చూసింది. సగం మందికి సూది, వ్యాయామం. సగం మందికి ఉత్తుత్తి సూది, వ్యాయామం. ఆరు నెలలకు, ఏడాదికి తేడా ఉంది కానీ, రోగి జీవితంలో లెక్కకు వచ్చేంత లేదు. వైట్‌హౌస్‌లోనూ ఈ కథే నడిచింది. ట్రావెల్ ప్రొకెయిన్ అనే మత్తుమందు సూదుల మీద ఆధారపడుతుంటే మిగతా డాక్టర్లకు కంగారు పుట్టింది. 1961 చివర్లో హాన్స్ క్రౌస్ అనే డాక్టర్ని పిలిపించారు. ఆయన సూదులు పక్కన పెట్టి కెనడీ చేత రోజూ వ్యాయామం చేయించారు.

వ్యాయామం గెలిచిందనుకుంటే, 2014లో వచ్చిన ఇంకో ఆస్ట్రేలియా పరీక్ష నోరు మూయించింది. 172 మంది దీర్ఘకాలపు రోగుల్లో కొందరికి ఇరవై విడతల ఫిజియోథెరపీ, మిగతావాళ్లకు ఒక చిన్న పుస్తకం, అరగంట సలహా, రెండు ఫోన్ కాల్స్. ఫలితం ఒక్కటే. అంతకు ముందేడు ఫలితం వెలువడిన, బ్రిటన్‌లో 3,851 మందితో మొదలైన పెద్ద పరీక్షలోనూ ఫిజియోథెరపీ ప్యాకేజీకి దక్కింది మొదట్లో కొద్ది లాభం మాత్రమే. ఇవి చదివి వ్యాయామం దండగ అనుకోకూడదు. అరగంట సలహాలో చెప్పిందీ మెడ కదపమనే, భయపడొద్దనే. ఖరీదైన కోర్సు దానికి అదనంగా ఏమీ ఇవ్వలేదంతే. నెలకు ముప్పై సిటింగ్‌ల ప్యాకేజీ కొనమని ఒత్తిడి పెట్టే క్లినిక్‌కు ఈ కాగితం చూపించవచ్చు.

ఎవరికి తగ్గుతుంది, ఎవరికి మొండికేస్తుంది అన్నది తెలిస్తే సగం గొడవ తీరుతుంది. స్టెర్లింగ్ బృందం రోగులను ఏడాది పాటు వెంబడించినప్పుడు మూడు దారులు కనిపించాయి. 45 శాతం మందికి బాధ మొదటినుంచీ తక్కువే. 39 శాతం మందిది మధ్యరకం. 16 శాతం మంది మొదట్నుంచి చివరిదాకా తీవ్రంగా బాధపడ్డారు. ఆ చివరి గుంపులోకి ఎవరు పడతారో ముందే చెప్పే గుర్తులేవి? మొదటి వారాల్లో నొప్పి చాలా ఎక్కువుండటం, చల్లటి వస్తువు తాకినా నొప్పిగా అనిపించడం, ప్రమాదం పదేపదే కళ్ల ముందు ఆడటం, కారు హారన్ వింటే ఉలిక్కిపడటం, ఇవి చెప్పాయి.

అందుకే 2019లో ఆ బృందం ఇంకో పద్ధతి పరీక్షించింది. గాయమై నాలుగు వారాలు దాటని 108 మందిని తీసుకుని, అందరికీ మెడ వ్యాయామాలు నేర్పారు. సగం మందికి దానితో పాటు ఒత్తిడిని తట్టుకునే మెళకువలు కూడా నేర్పారు. ఊపిరి నెమ్మది చేయడం, భయం పుట్టించే సందర్భాన్ని ముందే ఊహించి సిద్ధపడటం, బండి ఎక్కేటప్పుడు తనకు తాను ఏం చెప్పుకోవాలో సాధన చేయడం, అలాంటివి. నేర్పింది సైకాలజిస్టులు కాదు, అదే ఫిజియోథెరపిస్టులు, శిక్షణ తీసుకుని. ఆరు వారాలకు రెండో గుంపు దైనందిన పనుల్లో స్పష్టంగా ముందుంది. ఏడాది తర్వాత కూడా ఆ తేడా నిలిచింది. విప్‌లాష్ చికిత్సల పరీక్షల్లో అలా నిలిచినవి తక్కువ.